మృదంగం నుండి మోటారు వాహనం వరకు

తరగతిలో ఉపాధ్యాయుని మాట చివరి బల్లకు చేరాలంటే వీధి కొంత మౌనం పాటించాలి. మన పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా ఆ మౌనాన్ని సాధించే విద్యను స్మరించుకోవడం సముచితం. దానికి బెంగళూరులో ఘనమైన చరిత్ర ఉన్నది.

విశాఖపట్నంలో చదువుకున్న సర్ సి.వి. రామన్ 1933లో భారతీయ విజ్ఞాన సంస్థకు తొలి భారతీయ సంచాలకులుగా బెంగళూరు వచ్చారు. 1920లోనే మృదంగ నాదంపై పరిశోధన ప్రకటించిన ఆయన, 1934లో ఇక్కడి నుండి దానిని విస్తరించారు. చర్మం మధ్య అద్దిన నల్లని ముద్ద బరువు వల్లనే మృదంగం శ్రుతిబద్ధంగా పలుకుతుందని వివరించారు. తగిన చోట తగిన బరువుంచితే ప్రకంపన స్వభావమే మారుతుంది. నేటి వాహన ఇంజనీర్లు ఆశ్రయించే సూత్రాలలో ఇదీ ఒకటి.

అదే సంస్థలో ఆచార్య ఎం.ఎల్. ముంజాల్ సైలెన్సర్ల శాస్త్రానికి జీవితాన్ని అంకితం చేశారు. 1987లో వెలువడిన ఆయన గ్రంథం ‘అకౌస్టిక్స్ ఆఫ్ డక్ట్స్ అండ్ మఫ్లర్స్’ ఈ రంగంలో ప్రామాణికమైనది.

నిమిషానికి 3000 సార్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజను సెకనుకు 100 పేలుళ్లను వెలువరిస్తుంది. సన్నని గొట్టం నుండి విశాలమైన గదిలోకి ప్రవేశించగానే ఆ ధ్వని తరంగాలలో కొంత భాగం వెనుకకు మరలుతుంది. సైలెన్సర్ రహస్యమిదే. అయితే పొగకు మితిమీరి అడ్డుపడితే ఇంజను శక్తి తగ్గి, ఇంధనం వృథా అవుతుంది. నిశ్శబ్దానికీ సామర్థ్యానికీ నడుమ సమతూకం కుదర్చడమే ఇంజనీరు నేర్పు.

1951లో మైకో, 1996లో మెర్సిడెస్ బెంజ్ పరిశోధన కేంద్రం ఈ నగరంలో వెలిశాయి. 2001లో రేవా విద్యుత్ కారు ఇక్కడి వీధులలోకి వచ్చింది. విద్యుత్ వాహనంలో ఇంజను హోరు ఉండదు. కాని ఆ హోరు ఇంతకాలం కప్పిపుచ్చిన గేర్ల కూత, టైర్ల రొద స్పష్టంగా వినిపిస్తాయి. ఒక సమస్య తీరితే మరొకటి తలెత్తుతుంది.

ఇక్కడ మనమొక సత్యాన్ని గ్రహించాలి. ప్రతి వాహనపు శబ్దాన్ని 3 డెసిబెల్స్ తగ్గించినా, వాహనాల సంఖ్య రెట్టింపయితే ఆ లాభమంతా హరించుకుపోతుంది. అద్దాలు బిగించిన కారులోని ప్రశాంతత లోపలివారికే దక్కుతుంది. బయటి హారన్ల మోత మాత్రం తరగతి కిటికీని తాకుతుంది. నిశ్శబ్ద మండలాలలో పగటివేళ శబ్దం 50 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి నిబంధనలు నిర్దేశించాయి. యంత్రాన్ని ఇంజనీరు శాంతింపజేయగలడు. హారన్‌పైనున్న చేతిని కాదు.

పిల్లలను బడి వద్ద దింపే తల్లిదండ్రులు, వాహనాలు నడిపే పూర్వ విద్యార్థులు బడి గేటు ముందు ఆ చేతిని నిగ్రహించుకొంటే, అదే ఈ విద్యాలయానికి మనం సమర్పించగల విలువైన జూబిలీ కానుక.