దుప్పటి కాదు, తాడు

తొమ్మిదో తరగతిలో ఇంగ్లిషు జాతీయాలు బట్టీ పట్టమన్నారు. వాటిలో ఒకటి ‘త్రీ షీట్స్ ఇన్ ద విండ్’. తప్పతాగి తూలడం అని అర్థం రాసుకున్నాం. ఎందుకలా అంటారో గైడులో లేదు. షీటంటే నాకు తెలిసింది దుప్పటే. తాగినవాడి ఒంటిమీది దుప్పటి గాలికెగిరిపోయింది కాబోలు, మూడెగిరాయంటే ఇంకెంత తాగాడో అని కథ అల్లుకుని పరీక్షలో అదే రాశాను. సున్నా వచ్చింది.

షీటంటే తెరచాప కింది మూలకు కట్టే తాడని తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది. దాన్ని బిగిస్తూ, వదులు చేస్తూ చాపను గాలివాటానికి నిలుపుతారు. ఆ తాడు చేజారితే చాప టపటపా కొట్టుకుంటుంది, ఓడ తూలుతుంది. ఒకటి జారితే కాస్త మత్తు. మూడూ జారితే ఇక చెప్పేదేముంది!

మన నుడికారానికి పొలం ఎంత పెట్టిందో ఇంగ్లిషుకు ఓడ అంత పెట్టింది. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న’ అని మనమూ అంటాం. కాకపోతే ఈ మల్లన్న ఓడ ఒడ్డు చేర్చి ఊరుకుంటుంది. వాళ్ల నావికులు నెలల తరబడి తాళ్ల మధ్యే తిని, తాళ్ల మధ్యే పడుకున్నారు.

‘బిటర్ ఎండ్’ అంటే చిట్టచివర. అందులో మనం చేదు వెతుక్కుంటాం. లంగరు తాడును చుట్టి బిగించే గుంజలను ఓడవాళ్లు బిట్స్ అంటారు. పోకహాంటస్ కథలో వినిపించే జాన్ స్మిత్ 1627లో నావికుల కోసం ఒక పుస్తకం వేశాడు. గుంజల దగ్గర, ఓడలోపలే ఉండిపోయే తాడు కొసకు అందులో ఈ పేరే చెప్పాడు. అక్కడిదాకా వదిలేశారంటే ఇక వదలడానికి తాడే లేదన్నమాట. ‘బై అండ్ లార్జ్’ కూడా ఇలాంటిదే. గాలికి వీలైనంత ఎదురుగా సాగడం బై, వెనకగాలితో పోవడం లార్జ్. రెండింటా బాగా నడిచే ఓడ మొత్తమ్మీద మంచి ఓడ.

‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’ (చూసీ చూడనట్టు ఊరుకోవడం) అనగానే బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ గుర్తొస్తాడు. కుర్రతనంలో సీహార్స్ అనే ఓడలో మద్రాసు దాకా వచ్చి, జ్వరంతో చిక్కి శల్యమై 1776లో తిరుగుముఖం పట్టినవాడు. 1794లో కోర్సికాలోని కాల్వి ముట్టడిలో కుడికంటి చూపు పోయింది. 1801 ఏప్రిల్ 2న కోపెన్‌హేగన్ దగ్గర డేన్లతో పోరు ముదిరింది. దూరాన ఉన్న పై సేనాని హైడ్ పార్కర్ ఓడ మీద 39వ నంబరు జెండాలు లేచాయి. పోరు ఆపమని వాటి అర్థం. నెల్సన్ పక్కనున్న కెప్టెన్ ఫోలీతో, ఉన్నది ఒంటికన్నే కదా, అప్పుడప్పుడూ గుడ్డివాణ్ణయ్యే హక్కు నాకుందిలే అన్నాడట. దుర్భిణిని చూపులేని కంటికి ఆనించి, నాకే జెండా కనబడ్డంలేదన్నాడట. పోరు ఆపలేదు, గెలిచాడు. ఓడినట్టయితే ఈ చమత్కారం కోర్టు మార్షల్‌కు సాక్ష్యమయ్యేది. ఇంత చక్కని కథకూ ఒక చిక్కుంది. ఆ మాట అంతకు నూరేళ్ల ముందు నుంచే ఇంగ్లిషులో ఉంది. నెల్సన్ దాన్ని పుట్టించలేదు, పేరు తెచ్చాడంతే.

‘పోష్’ సంగతి మరీ విడ్డూరం. ఇండియాకు వచ్చే దొరలు ఎండ తగలకుండా వచ్చేటప్పుడు ఓడలో ఎడమవైపు గదులు, వెళ్లేటప్పుడు కుడివైపు గదులు తీసుకునేవారట. పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్ అన్న నాలుగు మాటల తొలి అక్షరాలు కలిసి పోష్ అయ్యాయట. పీ అండ్ ఓ కంపెనీ టికెట్ల మీద ఆ ముద్ర కొట్టేవారని కూడా చెబుతారు. అలాంటి టికెట్టు ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదు. మాట 1914 నాటికే వాడుకలో ఉంటే, ఈ కథేమో 1930లలో గానీ వినబడలేదు. అయినా జూబ్లీహిల్స్‌ను పోష్ ఏరియా అనేవాళ్లెవరైనా దొరికితే నేనీ ఓడ కథే చెబుతుంటాను. అబద్ధమని చివర్లో ఒప్పుకున్నా, వాళ్లకు గుర్తుండేది కథే. నా మూడు దుప్పట్లకూ ఆ రోజు అయిదు మార్కులు పడాల్సింది.