పరుగువాని దాహము

సుదూర ధావనము చేయువాడు దారిలో నెంత నీరు త్రాగవలెనను ప్రశ్నకు గడచిన నూరేండ్లలో వైద్యులును శిక్షకులును చెప్పిన సమాధానములు పరస్పర విరుద్ధములు. 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్ మారథానున, సుమారు 32 డిగ్రీల వేడిలో, దుమ్ము రేగు బాటపై పరుగెత్తిన 32 మందికి, దాహము దేహమునేమి చేయునో పరీక్షింపగోరి, నిర్వాహకుడు సల్లివన్ బుద్ధిపూర్వకముగనే నీటి వసతిని కుదించెను. గమ్యము చేరినవారు 14 మంది. విజేత హిక్స్‌కు పరిచారకులు దారిలో నొసగినవి ముష్టిగింజల విషమైన స్ట్రిక్నిను, కోడిగ్రుడ్డు తెల్లసొన, బ్రాందీ. ఆతడు జీవించినది ఆ చికిత్సవలన కాదని నిస్సంకోచముగ చెప్పవచ్చును.

గనులలో వేరొక పాఠము సిద్ధమగుచుండెను. చెమటలో లవణమును కోల్పోయి వట్టినీటినే కడుపార త్రాగు బ్రిటిషు బొగ్గుగని కార్మికులకు కండరములు పట్టుకొనుననియు, ఆ నీటిలో కొంచెము ఉప్పు కలిపినచో బాధ శమించుననియు 1923లో మాస్ అను పరిశోధకుడు తెలిపెను. పరుగుపందెములవారు దీనిని గమనించినట్లు కానరాదు.

1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయమున రాబర్ట్ కేడ్ క్రీడాకారులకొరకు ఉప్పును చక్కెరను కలిపిన పానీయమును రూపొందించుటయు, 1969లో దక్షిణాఫ్రికాయందు విండమ్, స్ట్రైడమ్ అనువారు నీరు చాలకపోవుటయే మారథానున ప్రమాదమని వ్రాయుటయు గాలిని మళ్లించెను. 1996 నాటికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్, గంటకు 600 మొదలు 1200 మిల్లీలీటర్లవరకు, సహింపగలిగినంత త్రాగుడని ఉపదేశించెను. తొలుత దాహమును అణచుమన్నవారును, పిమ్మట దాహమునకు ముందే త్రాగుమన్నవారును, దాహమును నమ్మకపోవుటలో మాత్రము ఏకీభవించిరి!

అధికమైన నీటిని మూత్రపిండములు వెడలింపజాలవా యని యడుగవచ్చును. విశ్రాంతిలో వెడలించును. కాని దీర్ఘశ్రమలో మూత్రనిరోధక హార్మోను రక్తమున తగ్గక నిలుచుటచేత, త్రాగిన నీరు దేహమందే మిగిలి సోడియమును పలుచన చేయును. పలుచనైన రక్తమునుండి నీరు కణములలోనికి చొచ్చును. కఠినమైన కపాలమున మెదడు ఉబ్బుటకు చోటులేక తలనొప్పి, వాంతి, మతిభ్రమ, మూర్ఛ, తుదకు మరణము సంభవింపవచ్చును. 1985లో టిమ్ నోక్స్ బృందము ఇట్టి నలుగురి వృత్తాంతమును ప్రకటించినను, లోకము మేల్కొన్నది 2002 బోస్టన్ మారథాను తరువాతనే. నాడు రక్తమిచ్చిన 488 మందిలో నూటికి 13 మందికి సోడియము లీటరుకు 135 మిల్లీమోలులు గాని అంతకు తక్కువ గాని యుండెను. పరుగులో బరువు పెరిగినవారికి ఈ ముప్పు హెచ్చు. క్రీడాపానీయము త్రాగినవారికిని తప్పలేదు, ఏలయన అందలి సోడియము రక్తములోనిదానికంటె మిగుల స్వల్పము.

2015లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌న సమావేశమైన నిపుణులు దాహమైనప్పుడే త్రాగుడని తేల్చిరి. చికిత్సయు మారెను. సోలినవారికెల్ల మామూలు సెలైను ఎక్కించుట తగదు. ముందుగా సోడియము కొలిచి, మెదడు వాపు లక్షణములున్నచో నూటికి 3 పాళ్ల గాఢ లవణద్రవమును 100 మిల్లీలీటర్లు సిరలోనికి ఎక్కింతురు. ఉపశమనము కలుగనిచో పదేసి నిమిషముల వ్యవధిలో మరి రెండుసార్లు.