హెడ్‌ఫోను పుట్టుపూర్వోత్తరాలు - మన పాత క్యాసెట్లు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, మడకశిర కొండమీది కోట గురించి రాస్తానని అనుకొని ఉంటారు. కోట గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. బీరువా పైఅరలో దుమ్ము పట్టిన క్యాసెట్ల గురించి, వాటిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేటప్పుడు మనల్ని ఏడిపించే హెడ్‌ఫోను గురించి ఎవరూ పట్టించుకోలేదు. అందుకని ఈ చిన్న ప్రయత్నం.

హెడ్‌ఫోను పాటలు వినడానికి పుట్టినది కాదు. అది కూడా మనవలెనే ఉద్యోగస్థురాలు. టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటర్లు ఒక తీగ తీసి ఇంకో రంధ్రంలో గుచ్చి లైను కలిపేవారు. ట్రంకు కాల్ బుక్ చేసి కాచుకొని కూర్చున్న తరం మనది, ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ గుచ్చే పిన్ను 1870ల చివర అమెరికా ఎక్స్ఛేంజీలలో వచ్చింది. పావు అంగుళం మందం. నేటి ల్యాప్‌టాప్‌లో మనం గుచ్చే మూడున్నర మిల్లీమీటర్ల పిన్ను దాని మనుమరాలే. 1910లో నేథనియల్ బాల్డ్విన్ అనే ఆయన ఇంట్లో కూర్చొని చేసిన హెడ్‌ఫోనులను అమెరికా నౌకాదళం కొన్నది. అక్కడినుండి దానికి గుర్తింపు.

మన దక్షిణాదికి రేడియో 1924లో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ద్వారా వచ్చింది. ఆ కాలపు క్రిస్టల్ సెట్లకు కరెంటు లేదు, శబ్దాన్ని పెంచే శక్తీ లేదు. హెడ్‌ఫోను తగిలించుకొన్నవారికే వినిపించేది. చాలా దేశాల్లో హెడ్‌ఫోనును గిన్నెలో పెట్టి, చుట్టూ కూర్చొని వినేవారట! 1938లో మదరాసు ఆకాశవాణి, 1948లో విజయవాడ, 1963లో కడప, 1991లో అనంతపురం కేంద్రాలు వచ్చాయి. మడకశిర మూడు వైపులా కన్నడ సీమ చుట్టుకొని ఉన్న ఊరు. మనకు విజయవాడ కన్నా 1955లో వచ్చిన బెంగళూరు కేంద్రమే దగ్గర. అందుచేత తెలుగు మాట్లాడే మన ఇళ్లలో కన్నడ వార్తలు కూడా నోటికి వచ్చేవి. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి రేడియో విన్న రోజులవి.

1958లో అమెరికాలో జాన్ కాస్ రెండు చెవులకూ వేరువేరు శబ్దమిచ్చే స్టీరియో హెడ్‌ఫోను తెచ్చాడు. 1963లో ఫిలిప్స్ వారి క్యాసెట్టు, 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాయి. అప్పటినుండి చిన్న పిన్ను ఇంటింటికీ చేరింది. ఇదే సమయంలో మన పెళ్లిళ్లలో, భజనల్లో టేప్‌రికార్డరు పెట్టడం మొదలయింది. శాఖాపరమైన రికార్డులను భద్రంగా కట్టలు కట్టి పెట్టిన మనం, ఇంటి రికార్డులను మాత్రం ఎండకూ వానకూ వదిలేశాము.

ఇక అసలు సంగతికి వస్తాను. నాతో తాలూకాఫీసులో పనిచేసిన మిత్రుడొకరు, భార్య పోయిన చాలా ఏళ్లకు, ఆమె చెల్లెలి పెళ్లిలో పాడిన క్యాసెట్టును బయటికి తీశారు. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. మనుమడు దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపి, హెడ్‌ఫోను చెవిలో పెట్టుకొని, “తాతా, ఇందులో ఏమీ లేదు, పాడైపోయింది” అన్నాడు. మిత్రుడు ఏమీ అనలేదు, క్యాసెట్టును డబ్బాలో పెట్టి పక్కన పెట్టేశారు. పాత సామానుతోపాటు అదీ పోయేదే. ఆ సాయంత్రం నేను వెళ్లి తెర చూశాను. తెరమీద గీత ఎగిరెగిరి పడుతున్నది. గీత కదులుతున్నదంటే గొంతు లోపలికి వచ్చిందనే అర్థం. రానిది మన చెవికి మాత్రమే.

ఈ తేడా తెలియక ఎన్ని క్యాసెట్లు చెత్తలోకి పోయాయో! ఇలాంటి పనికి చాలామంది వాడే ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలై 2000లో బయటికి వచ్చింది. టేపు ఎక్కుతుండగా వినిపించాలంటే దానిలో ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఆన్ చేయాలి, లేకపోతే గీత కదులుతుంది కాని చెవిలో నిశ్శబ్దమే. ఎక్కించిన తరువాత ప్లే చేసినా వినపడకపోతే, శబ్దం ఏ పరికరానికి పోవాలో చూపే చోట స్పీకరు ఉందా, హెడ్‌ఫోను ఉందా చూడాలి. ఫైలు తప్పు సీటుకు పోతే మన సీటుకు ఎలా వస్తుంది? మరొక చిక్కు: ప్రోగ్రాము తెరిచేటప్పుడు ఉన్న పరికరాలనే అది లెక్కలోకి తీసుకొంటుంది. తరువాత తగిలించిన యూఎస్‌బీ, బ్లూటూత్ హెడ్‌ఫోనులు ఆ జాబితాలో కనిపించవు. మళ్లీ వెతకమని మెనూలో చెప్పాలి, లేదా మూసి తెరవాలి. మా మిత్రుడి ఇంట్లో జరిగింది ఇదే. బ్లూటూత్ హెడ్‌ఫోనులోని మైకు కూడా పనిచేస్తుంటే శబ్దం పాత టెలిఫోనులాగ నలిగిపోతుంది, కనుక ఈ పనికి తీగ ఉన్నదే మేలని నా అభిప్రాయం.

ఒక చెవిలోనే వినిపిస్తే కంగారు వద్దు. పాత టేప్‌రికార్డర్లు చాలావరకు మోనోవి. వాటి తీగ ఒక్క వైపే శబ్దం పంపుతుంది. రెండు వైపులనూ కలిపి మోనో చేసే సదుపాయం ఆ ప్రోగ్రాములోనే ఉంది. పిన్ను పూర్తిగా లోపలికి దిగిందా అన్నది కూడా చూడండి. నవ్వకండి, సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

మా మిత్రుడు ఆ రాత్రి హెడ్‌ఫోను పెట్టుకొని ఒక వైపు మొత్తం విన్నారు. పాటల మధ్యలో ఆవిడ ఎవరినో “కాఫీ తాగినావా?” అని అడగడం కూడా ఉంది. అది తీసేద్దామా అని మనుమడు అడిగితే వద్దన్నారు. రెండో వైపు ఇంకా ఎక్కించాలి, టేపు కొంచెం బిగుసుకొని ఉంది.