మాత్ దేవత త్రాసు, అందని గింజలు

ప్రాచీన ఈజిప్టు దేవతల్లో మాత్ కొంచెం వేరు. యుద్ధాలు, శాపాలు, ప్రేమలు ఆమె కథలో పెద్దగా కనబడవు. సత్యం, న్యాయం, లోకంలోని క్రమం, ఇవన్నీ కలిస్తే మాత్. సూర్యదేవుడు రా ఆమె తండ్రి. తలమీద నిప్పుకోడి ఈక ఆమె గుర్తు.

చనిపోయినవాడికి పరలోకంలో జరిగే విచారణకు ఆ ఈకే తూకంరాయి. త్రాసులో ఒకవైపు మనిషి గుండె, రెండోవైపు ఈక. నక్కతల అనూబిస్ తూకం సరిచూస్తాడు. కొంగతల తోత్ ఫలితం రాసుకుంటాడు. సరితూగితే ఒసైరిస్ రాజ్యంలో ప్రవేశం. తూగకపోతే పక్కనే కాచుకున్న అమ్మిత్ ఆ గుండెను మింగేస్తుంది. దానిది మొసలి తల, సింహం ముందుభాగం, నీటిఏనుగు వెనకభాగం. మింగాక ఆ మనిషికి మరో జీవితం లేదు.

మనకు వెంటనే చిత్రగుప్తుడు గుర్తొస్తాడు. పోలిక ఉన్నంత మాత్రాన ఒకరిని చూసి ఇంకొకరు రాసుకున్నారని చెప్పడం తొందరపాటు. దుర్మార్గుడు ఇక్కడ తప్పించుకుంటున్నాడన్న కడుపుమంట ఎక్కడైనా ఉండేదే.

నేను రక్షణశాఖ లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. ఈ కథలో నా కన్ను పడింది త్రాసు మీద కాదు, త్రాసును తప్పించుకునే ఏర్పాటు మీద. 'మృతుల గ్రంథం' అని మనం పిలిచే మంత్రాల సంపుటిలో 125వ అధ్యాయం ఉంది. అందులో చనిపోయినవాడు 42 మంది దేవతల ముందు నిలబడి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పాపం పేరు చెప్పి, అది తాను చేయలేదనాలి. కొలపాత్ర తగ్గించలేదని, త్రాసు గుండును కదిలించలేదని, పసిపిల్లల నోటిదగ్గర పాలు లాక్కోలేదని కూడా అదే అధ్యాయంలో చెప్పుకోవాలి. ఆ కాలంలో ఏ మోసాలు జరిగేవో ఈ జాబితా చూస్తే తెలిసిపోతుంది. అంతవరకు దాని విలువ కాదనలేం.

ఇక 30వ అధ్యాయం చూడండి. విచారణలో తనమీద సాక్ష్యం చెప్పవద్దని గుండెను బతిమాలుకునే మంత్రం అది. పేడపురుగు ఆకారపు రాతిమీద దాన్ని చెక్కి మమ్మీ గుండెలమీద పెట్టేవారు. ఈ గ్రంథం ప్రతులు కొన్నింటిని పేరు ఖాళీగా వదిలి ముందే రాసి ఉంచేవారు. కొనుక్కున్నవాడి పేరు తర్వాత నింపేవారు. ఆడిట్ పార్టీ రాకముందే "అభ్యంతరాలు లేవు" అన్న సర్టిఫికెట్ తయారుగా ఉంచి, పేరు రాసుకోమన్నట్టుంది! డబ్బున్నవాడికి మంత్రం, లేనివాడికి అమ్మిత్.

పరలోకం సంగతి వదిలి భూమ్మీదకు వద్దాం. రాజుల లోయలో సమాధులు తొలిచిన పనివాళ్లు నైలు పడమటి ఒడ్డున ఒక ఊళ్లో ఉండేవారు. ఇప్పుడు దాన్ని దెయిర్ ఎల్ మదీనా అంటారు. అప్పటి ఉద్యోగ హోదాలో వాళ్లు "మాత్ స్థానంలో సేవకులు", అంటే సత్యస్థానం సేవకులు. జీతం ధాన్యమే. మామూలు పనివాడికి నెలకు 4 ఖార్ల గోధుమజాతి ధాన్యం, ఒకటిన్నర ఖార్ల బార్లీ. ఖార్ అంటే దాదాపు 76 లీటర్లు.

మూడో రామ్సెస్ పాలన 29వ ఏట, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, ఆ ధాన్యం సమయానికి రాలేదు. ఆ రాజు సింహాసన నామం ఉసెర్మాత్రే. దేవత పేరు రాజు పేరులోనే ఉంది, ఊరి పేరులోనే ఉంది. గింజలు మాత్రం లేవు. పనివాళ్లు కాపలా గోడలు దాటి వచ్చి రాజాలయాల దగ్గర కూర్చున్నారు. ఆకలితో వచ్చామని, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవని, ఈ సంగతి రాజుకూ మంత్రికీ రాయమని అడిగారు. కదిలాకే బకాయి ధాన్యం వచ్చింది. మళ్లీ ఆగింది, మళ్లీ గోడలు దాటారు. ఒకసారి, తాము వచ్చింది కేవలం ఆకలి వల్ల కాదని, ఇక్కడ అన్యాయం జరుగుతోందని కూడా చెప్పారు. రాజుగారి ఉత్సవానికి దక్షిణాది దేవతా విగ్రహాలను సేకరించుకెళ్లడానికి వచ్చిన మంత్రి 'తో' ఊళ్లోకి రానేలేదు. కొట్లే ఖాళీగా ఉన్నాయి, దొరికింది ఇస్తానని కబురు పంపాడు. సగం జీతం ఇప్పించాడు.

ఇదంతా ఇటలీలోని టురిన్ మ్యూజియంలో ఉన్న పపైరస్‌లో ఉంది. లిఖిత ఆధారం దొరికిన మొట్టమొదటి సమ్మె ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఆ రాజు ఆలయాలకిచ్చిన కానుకల చిట్టా కూడా మిగిలింది. బ్రిటిష్ మ్యూజియంలోని ఆ పపైరస్ పొడవు సుమారు 41 మీటర్లు!

భక్తులు అడగవచ్చు, న్యాయం అడగాలన్న బుద్ధి పుట్టించింది మాత్ దేవతే కదా అని. అయితే ఆమె త్రాసు చచ్చాకే పనిచేస్తుంది, అదీ మంత్రం కొనుక్కోలేనివాడి మీద. బతికుండగా రావలసిన ధాన్యం రాలేదని లెక్క చెప్పింది పనివాళ్లు. దాన్ని తేదీలతో సహా రాసిపెట్టింది లేఖకుడు. మూడువేల ఏళ్ల తర్వాత మనం సరిచూడగలిగేది వాళ్లు మిగిల్చిన ఆ లెక్కనే. దేవత వేసిన తూకపు చీటీ ఒక్కటైనా ఎవరికైనా దొరికిందా?