పెంకు కింది రీపరు

పెంకుటింటి చరిత్ర రాసేవాళ్లు పెంకు దగ్గర మొదలుపెట్టి పెంకు దగ్గరే ఆగిపోతారు. బాసెల్ మిషన్‌కు చెందిన జార్జ్ ప్లెబ్‌స్ట్ 1865లో మంగుళూరు జెప్పులో పెంకుల కర్మాగారం పెట్టడం, ఆ అచ్చుపెంకు దక్షిణాదంతా పాకడం అందరూ చెప్పేదే. అయితే కప్పు స్వభావం మారడంలో సగం పాత్ర, వాసాల మీద అడ్డంగా కొట్టే సన్నటి చెక్కబద్దది, అంటే రీపరుది.

అంతకుముందు ఉన్నది కుమ్మరి పెంకు. సారె మీద గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా కోసి కాల్చేవారు. ఏ రెండూ ఒక్కలా ఉండవు. అందుకే వాటి కింద వెదురు బద్దలను దగ్గరదగ్గరగా పరిచి తాళ్లతో కట్టేవారు. బద్ద కాస్త వంకరైనా నష్టం లేదు, పెంకు పక్కదాని ఆసరాతో నిలబడేది. గాలికో కోతులకో జారితే, తొలకరికి ముందు మళ్లీ సర్దించుకునేవారు.

అచ్చుపెంకు ఈ వెసులుబాటు ఇవ్వదు. ఒకదానిలో ఒకటి కూర్చునే ఈ రకం పెంకుకు అల్సేస్‌లోని గిలార్డోని సోదరులు 1841లో పేటెంట్ తీసుకున్నారు. పెంకు అడుగున ఉండే బొడిపెలు రీపరుకు తగులుకుంటేనే అది జారకుండా ఉంటుంది. సుమారు 41 సెంటీమీటర్ల పొడవైన పెంకుకు రీపర్ల మధ్య దూరం 32 సెంటీమీటర్ల దాకా ఉండాలి. వడ్రంగి ఆ కొలతకు ఒక పుల్ల కోసుకుని, చూరు నుంచి కొప్పు దాకా ప్రతి వాసం మీదా గుర్తు పెట్టుకుంటూ పోతాడు. ఒక్క వరుస వేలెడు తప్పినా పై పెంకు గాడిలో కూర్చోదు, వాన లోపలికి వస్తుంది. ఇంత కచ్చితత్వానికి చీల్చిన వెదురు చాలదు. రంపంతో కోసిన, ఒకే మందమున్న చెక్క కావాలి, మేకులు కావాలి. అలా ఇంటి కప్పు వెదురు పొదను వదిలి కలప అడితికి చేరింది.

రీపరు పెంకు వెంట వచ్చిందే కదా, దానికి వేరే చరిత్ర ఎందుకని అడగవచ్చు. పెంకు కర్మాగారంలో తయారై వచ్చింది, నిజమే. కానీ ఆ కొలతను ప్రతి ఊళ్లో, ప్రతి ఇంటి మీద నిలబెట్టింది వడ్రంగి చెయ్యి. కొత్త పద్ధతే అన్ని విధాలా మేలన్న వాదన కూడా పూర్తిగా నిలవదు. ఇల్లు కురవడం తగ్గింది, ఏటేటా సర్దే బెడద తగ్గింది. అదే సమయంలో, పెరటి వెదురుతో ఇంటివాళ్లే చేసుకోగలిగిన మరమ్మతు డబ్బు పెట్టి చేయించుకునే పని అయింది.

పాత పెంకుటిల్లు విప్పించేవారికి ఒక మనవి. పెంకులను లెక్కపెట్టి పక్కన పేర్చే ముందు రీపర్ల మధ్య దూరం కొలవండి, ఆ రీపర్లు ఏ కలపవో అడిగి రాసి పెట్టండి. మన ఊరి వడ్రంగుల పనితనానికి చాలాచోట్ల మిగిలిన రుజువు అదే.