ఘాట్ దిగాకే సంతకం

మదనపల్లె టమోటా మార్కెట్ యార్డు. సాయంత్రం. పికప్ వెనక నిలబడి క్రేట్లు లెక్కపెడుతున్నారు మీరు. ఒక్కోటి సుమారు 25 కిలోలు. అరవయ్యో క్రేటు ఎక్కేసరికి వెనక కమాన్ కట్టలు చదునైపోయాయి. టైర్ల పక్కలు ఉబ్బాయి. హమాలీ ఇంకో క్రేటు భుజానికెత్తుకుని మీ మొహంలోకి చూస్తున్నాడు.

"ఇంకా ఇరవై పడతాయి సామీ. వేసేదా?"

అరవై పాతికలు 1500 కిలోలు. బండి కాగితాల్లో రాసిన లోడు అంతే. ఇరవై క్రేట్ల బాడుగ వదులుకోవాలా, 500 కిలోలు అదనంగా మోయాలా? ఇప్పుడే చెప్పాలి. వెనక ఇంకో బండి హారన్ కొడుతోంది.

"చాలు. తాడు బిగించు" అంటారు మీరు.

బండి మీది కాదు, మీ బావది. మీ బండి ఇంకా కాగితం మీదే ఉంది. షోరూంలో బుకింగ్ ఫారం నింపిపెట్టారు, మీ సంతకం ఒక్కటే తక్కువ. ఇంజన్ దగ్గర మీ మనసు తేలలేదు. షోరూం వాళ్లు తోలిచూడమని ఇచ్చేది ఖాళీ బండి, చదును రోడ్డు, పది నిమిషాలు. అలా తోలితే ఏ ఇంజనైనా బాగానే ఉంటుంది. అందుకే బావను అడిగారు: ఒక్క రాత్రి లోడుతో నన్ను తోలనీ అని.

"తోలు బావా, నాకేం? నేను పక్కన కూచుంటా" అన్నాడాయన.

మీ దగ్గరున్నది కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ. సరుకు బండికి అది చాలుతుందా? చాలుతుంది. మొత్తం బరువు 7500 కిలోలు దాటని రవాణా బండిని తోలడానికి ఎల్‌ఎంవీ లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చిచెప్పింది. సీటు ముందుకు జరుపుకోండి. తాళం తిప్పండి.

క్లచ్ వదులుతుంటే బండి ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఆ తటపటాయింపు గుర్తుపెట్టుకోండి. పుంగనూరు రోడ్డెక్కాక చిన్న ఎత్తు వస్తుంది. నాలుగో గేరులో ఉన్నారు, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతోంది. యాక్సిలరేటర్ తొక్కుతారు. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. ఆ తర్వాత వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టు బండి కదులుతుంది. మధ్యలో ఆ ఖాళీ ఏమిటి? టర్బో. పొగ వేగానికి తిరిగి, గాలిని ఇంజన్లోకి దట్టించే చక్రం. ఇంజన్ చిన్నదైన కొద్దీ లోడు లాగడానికి ఆ చక్రం మీదే ఎక్కువ ఆధారపడుతుంది. బావ బండి ఇంజన్ లీటరున్నర. చదును మీద సరదాగా పోతోంది. ఎత్తు వచ్చినప్పుడల్లా మీ చెయ్యి గేర్ రాడ్డు మీదికి పోతోంది.

పుంగనూరు దాటగానే డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది.

"అది మామూలే బావా. అదుగో టీ కొట్టు, ఆపు" అంటాడు బావ.

ఆపుతారా? ఆగండి. ముందు ఆ దీపం ఏమిటో తెలియాలి. దేశంలో బీఎస్-6 నియమాలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 ఉండేది 10కి దిగింది. డీజిల్ బండ్ల పొగగొట్టంలోకి మసిని పట్టే జల్లెడ వచ్చి చేరింది. మెకానిక్‌లు డీపీఎఫ్ అంటారు దాన్ని. పట్టిన మసి నిండిపోకుండా బండి తనంతట తానే అప్పుడప్పుడు కాల్చేసుకోవాలి. అందుకు జల్లెడ దగ్గర దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి పుట్టాలంటే బండి కొంతసేపు ఆగకుండా, ఒకే వేగంతో నడవాలి.

బావ బండి రోజూ ఎక్కడ తిరుగుతుందో మీకు తెలుసు. తోట నుంచి మండీకి నాలుగైదు కిలోమీటర్లు. అక్కడ ఇంజన్ ఆపకుండా క్యూలో గంట. మళ్లీ తోటకు. ఏ రోజూ పొగగొట్టం సరిగా వేడెక్కదు. మసి పేరుకుంటూనే ఉంటుంది. ఇవాళ బండికి అవకాశం దొరికింది, కాల్చడం మొదలుపెట్టింది. ఇప్పుడు టీ కోసం తాళం తీసేస్తే మంట మధ్యలో ఆరిపోతుంది.

"టీ పలమనేరులో తాగుదాం బావా."

మూడో గేరులోనే ఉంచుతారు. ముల్లు రెండువేలకు పైన నిలిచింది. పావుగంట. క్యాబిన్లోకి వేడి ఇనుము వాసన వస్తోంది. భయపడకండి, అది మసి కాలుతున్న వాసనే. ఊరి దీపాలు కనిపించేలోపు పసుపు దీపం ఆరిపోతుంది.

పలమనేరులో టీ గుక్కలో ముగించండి. ఇక్కడి నుంచి చిత్తూరు చేరేలోగా నేల 300 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. ఆ దిగుడులో గట్టి భాగం మొగిలి ఘాట్. చిత్తూరు, బెంగళూరు మధ్య నడిచే డ్రైవర్లెవరైనా ఆ పేరు చెప్పగానే ఒక ప్రమాదం కథ చెబుతారు.

రోడ్డు వంగుతుంది. లైట్ల వెలుగులో కొండ అంచు, సిమెంటు గోడ. వెనక 1500 కిలోలు మిమ్మల్ని నెట్టడం మొదలుపెడతాయి.

"న్యూట్రల్ వెయ్యి బావా. ఊరికే జారిపోద్ది. డీజిల్ మిగులుతుంది" అంటాడు బావ. మండీ డ్రైవర్లలో చాలామంది అలాగే దిగుతారు.

చెయ్యి గేర్ రాడ్డు మీద ఉంది. వేస్తారా?

వెయ్యకండి. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీది కాలు తీసేస్తే ఇవాళ్టి డీజిల్ ఇంజన్ చుక్క కూడా చిమ్మదు. చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్‌లోనైతే ఆగిపోకుండా ఉండటానికే కొంత డీజిల్ తాగుతుంది. మిగిలేదేమీ లేదు. పోయేది మాత్రం ఉంది: బండిని పట్టి ఉంచే ఇంజన్.

మూడో గేరు. కాలు తీశారు. ముల్లు 45. 50. 55.

చిన్న ఇంజన్. పట్టు సరిపోవడం లేదు.

బ్రేక్ తొక్కుతారు. 48. వదులుతారు. 54. మళ్లీ తొక్కుతారు.

వాసన. కాలిన లైనర్ల వాసన. మీదా? ముందు లారీదా?

మలుపు. లారీ ఎర్ర దీపాలు. దగ్గరికి. ఇంకా దగ్గరికి.

బ్రేక్. పెడల్ మెత్తగా ఉంది. ఇందాకటికన్నా కిందికి దిగింది.

బావ మాట్లాడటం లేదు.

గట్టిగా తొక్కండి. ఒక్కసారే. 35. క్లచ్. రెండో గేరు. వదలండి. నెమ్మదిగా.

ఇంజన్ అరుస్తుంది. అరవనివ్వండి. ముల్లు మూడువేలు దాటింది. బండి పట్టింది.

30. 30. 30.

బ్రేక్ మీంచి కాలు తియ్యండి. చల్లారనివ్వండి. లారీ దీపాలు దూరం జరుగుతున్నాయి. చేతుల కింద స్టీరింగ్ తడిగా ఉంది.

ఆ ఇరవై క్రేట్లు కూడా వేసుకుని ఉంటే? 2000 కిలోలు. అదే బ్రేకు, అదే మలుపు. మీరు లెక్క వెయ్యరు. బావ వేస్తున్నాడు, మొహం చూస్తే తెలుస్తోంది. బంగారుపాళెం దాటేదాకా రెండో మాట రాలేదాయన నోటి నుంచి.

చెన్నై కోయంబేడు, అన్‌లోడు, డబ్బు లెక్క, ఇవన్నీ మామూలు సంగతులే. తిరుగు ప్రయాణంలో చిత్తూరులో దాణా బస్తాలు వేసుకుంటారు. ఇప్పుడు అదే ఘాట్ ఎక్కాలి. మిట్టమధ్యాహ్నం. మూడో గేరు లాగలేదు, రెండుకు వచ్చారు. వేడి ముల్లు సగం దాటి పైకి పోతోంది. ఏసీ ఆపండి, కిటికీలు దించండి. పక్క నుంచి మీ బండికన్నా పాత పికప్ ఒకటి, అంతే లోడుతో, మూడో గేరు మోతతో నింపాదిగా దాటిపోతుంది. దాని ఇంజన్ రెండున్నర లీటర్లు. ఈ రోడ్డుకు ఏది కావాలో మీకు అక్కడే సగం తెలిసిపోయింది.

మిగతా సగం మెకానిక్ షెడ్డులో తెలుస్తుంది. మదనపల్లె చేరగానే బండి భాయ్ దగ్గర ఆపుతారు. భాయ్ బానెట్ లేపి ఆయిల్ గేజు బయటికి లాగుతాడు. గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి మీకు చూపిస్తాడు. పై గీత దాటి ఉంది.

"ఆయిల్ తగ్గితే అందరికీ భయం అన్నా. పెరిగితే ఎవరూ చూడరు. ఇది డీజిల్ కలిసిన ఆయిల్."

ఎలా కలుస్తుంది? మసి కాల్చడానికి చాలా ఇంజన్లు సిలిండర్లోకి కొంచెం డీజిల్ అదనంగా చిమ్ముతాయి. బండి మాటిమాటికీ మధ్యలో ఆగిపోతే, మళ్లీ మళ్లీ చిమ్మాల్సి వస్తుంది. అందులో కొంత సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. బేరింగులు, టర్బో ఆ పలచని ఆయిల్‌తోనే తిరగాలి. అలా డీజిల్ చిమ్మే నాజిల్ ఒకటి భాయ్ బల్ల మీద ఉంది. దాన్ని మీ అరచేతిలో పెడతాడు. బొటనవేలంత లేదు కొన. ఇలాంటి నాజిల్ 1600 బార్ల ఒత్తిడి మీద కూడా పనిచేయాలి. కారు టైరులో గాలి రెండు బార్ల చుట్టూ ఉంటుంది. అంత ఒత్తిడిలో నీళ్లు కలిసిన డీజిల్ వెళితే ఆ సన్నటి రంధ్రాలు నిలవవు.

"ఏ ఇంజన్ తీసుకోమంటావు భాయ్?"

"ఏ రోడ్డు అన్నా నీది?"

నాకు తెలిసి బండి కొనేవాడిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. తోట నుంచి మండీకి మాత్రమే తిరిగే బండైతే పెట్రోలు, సీఎన్‌జీ ఇంజన్ చూడండి. డీజిల్ మసి జల్లెడ గొడవ ఉండదు. వారానికి మూడుసార్లు ఘాట్ దిగి ఎక్కే బండైతే సీసీలు ఎక్కువున్న డీజిల్ ఇంజన్. రెండు పనులూ ఒకే బండి చేయాలంటే డీజిలే తీసుకోండి, వారంలో ఒకరోజైనా హైవే మీద ఆపకుండా తోలండి.

షోరూంలో ఏసీ చల్లగా ఉంది. బల్ల మీద మీరు తెచ్చుకున్న నాలుగు కాగితాలు, నాలుగు పికప్‌లవి. ఇంట్రా వీ50: 1496 సీసీ, ఇంజన్ తిప్పే బలం (టార్కు) 220 న్యూటన్ మీటర్లు. బడా దోస్త్: లీటరున్నర లోపు, మూడు సిలిండర్లు, 190. డీ-మ్యాక్స్: 2499 సీసీ, 176. ఈ బండి తయారయ్యేది మన శ్రీసిటీలోనే, 2016 నుంచి. బొలెరో పికప్: 2523 సీసీ, నాలుగు సిలిండర్లు, రకాన్ని బట్టి 200 నుంచి 220.

అంకెలు చూస్తే లీటరున్నర ఇంట్రా దేనికీ తీసిపోవడం లేదు. 220 ఎక్కువే కదా? ఎక్కువే. కాని ఆ 220 టర్బో పూర్తిగా తిరిగాక వచ్చేది. నిన్న పుంగనూరు ఎత్తు మీద మీరు ఎదురుచూసిన ఖాళీ ఈ కాగితంలో లేదు. ఘాట్ దిగేటప్పుడు కాలు తీస్తే బండిని ఎంత పట్టి ఉంచుతుందో ఆ అంకె కూడా లేదు. పెద్ద ఇంజన్ కిలోమీటరుకు డీజిల్ ఎక్కువే తాగుతుంది. చదును రోడ్డు మీద తిరిగేవాడికి అది దండగ. మీది చదును రోడ్డు కాదు.

రెండున్నర లీటర్లవి రెండు మిగిలాయి. రెండూ గట్టివే. ఇక్కడ తేల్చేది ఇంజన్ కాదు, దూరం. బండి పంటరోజున ఆగిపోతే స్కానర్ పట్టుకుని ఎంతసేపట్లో ఎవరొస్తారు? నాజిల్ ఎక్కడ దొరుకుతుంది? ఆ ఇద్దరు డీలర్లకూ ఫోన్ చేయండి, సేల్స్ వాళ్లకు కాదు, వర్క్‌షాప్‌కు. భాయ్ షెడ్డులో వారం వారం బానెట్ లేచేది బొలెరోదే, దాని పని అతనికి బాగా తెలుసు. మీ వేలు ఆ కాగితం మీద ఆగుతుంది.

సేల్స్ కుర్రాడి మొహం వెలిగింది. "మంచి టైములో వచ్చినారన్నా. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది కదా. యార్డులో రెడీగా ఒకటుంది. ఈరోజే తీసుకుపోవచ్చు. డిస్కౌంటు కూడా ఇస్తాము."

పెన్ను మీ చేతిలో ఉంది. రేపటి నుంచే బాడుగ. కంతులు త్వరగా మొదలై త్వరగా తీరతాయి. ఊరించే మాటే.

"ఛాసిస్ నంబరు చూపించు."

యార్డులోకి నడుస్తారు. ఎండకు బానెట్ కాలుతోంది. పదిహేడు అక్షరాల నంబరు. తయారైన ఏడాది అందులోనే ఉంటుంది, నెల డీలర్ కంప్యూటర్లో తీయమనండి. ఎన్ని నెలలు ఎండలో నిలబడిందో తెలుస్తుంది. టైర్ల మీద నాలుగంకెల ముద్ర చూడండి, వారం, సంవత్సరం. బ్యాటరీ తేదీ చూడండి. ఆఖరికి తలుపు తీసి లోడు ఎంతో చదువుతారు.

1300.

మీ లోడు 1500.

"ఇది 1.3 కదా. నాకు 1.7 కావాలి."

"స్టాకు లేదన్నా. ఆర్డరు పెట్టాలి. నెల పట్టొచ్చు. పంట సీజను పోతుంది చూసుకో."

బావ మీ పక్కనే ఉన్నాడు. ఆ మలుపు దగ్గర నుంచి ఆయన మనిషి మారాడు. చెయ్యి చాచి డిస్కౌంటు కాగితం మడిచి కుర్రాడికే ఇచ్చేశాడు.

"నెల నా బండి వాడుకో బావా" అన్నాడు.

మీరు లోపలికి వచ్చి ఫారంలో లోడు గడి కొట్టేసి 1.7 అని రాస్తారు. పక్కన ఇంజన్ ఆయిల్ ఏ గ్రేడో రాసివ్వమని అడుగుతారు. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలే పోయాలి, ఏదో ఒకటి పోస్తే జల్లెడ మూసుకుపోతుంది. వారంటీలో జల్లెడ, నాజిళ్లు ఉన్నాయో లేవో కూడా రాసివ్వమంటారు. కుర్రాడు కొంచెం విసుక్కుంటాడు. రాస్తాడు.

"ఆర్డరే పెట్టు తమ్ముడూ. నెల ఆగుతాను."