వరుసలో నిలబడి చెప్పిన ఎక్కం

ప్రాథమిక బడి పిల్లలకు లెక్కల పోటీ అనగానే ఇప్పుడు అందరికీ తోచేది ప్రశ్నపత్రం, గడియారం, ర్యాంకుల జాబితా. ఈ తీరు ఒలింపియాడ్ల నుంచి దిగివచ్చింది. 1894లో హంగరీలో హైస్కూలు ముగించిన వాళ్లకోసం పెట్టిన పోటీ వాటికి మూలం. మన దేశంలో జాతీయ గణిత ఒలింపియాడ్ 1986లో మొదలైంది. 1989లో మన జట్టు తొలిసారి అంతర్జాతీయ పోటీకి వెళ్లింది. పెద్ద తరగతుల వాళ్లలోంచి కొందరిని ఏరడానికి పుట్టిన పద్ధతి అది. ఆ పనికి అది మంచిదే. హైదరాబాద్ పక్కనున్న మేడ్చల్, శామీర్‌పేట సర్కారు బడుల్లో నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలకు అదే పద్ధతిని కురచచేసి తొడగడం మాత్రం తప్పు. ఆ వయసుకు తగిన పద్ధతి మన వీధిబడిలోనే ఉండేది.

సాక్ష్యం 1823 నాటిది. బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి మద్రాసుకు నివేదిక పంపాడు. వాటిలో 226 తెలుగు బడులు. పొద్దున ఆరింటికే బడి. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి. పోటీ అంటే ఏమిటో ఆ బడికి బాగా తెలుసన్నమాట. లెక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తీరు మారిపోయింది. కూడికల పట్టీలు, ఎక్కాలు, కొలతలు, తూనికలు, నాలుగేసి వంతులుగా దిగే భిన్నాలు (కాలు, వీసం, కాని) రోజుకు రెండుసార్లు పిల్లలంతా వరుసగా నిలబడి, పెద్ద పిల్లవాడు ఒకడు చెబుతుంటే గట్టిగా చెప్పేవారు. కాంప్‌బెల్ రాసినంతలో అక్కడ ర్యాంకుల మాట లేదు. ఒకడి తప్పును పక్కవాడి గొంతు విని దిద్దుకునే వీలుండేది. ముందున్న పిల్లలు వెనకున్న వాళ్లకు నేర్పే ఈ ఏర్పాటును ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు.

బళ్లారి ఎక్కడ, మేడ్చల్ ఎక్కడ అనవచ్చు. బళ్లారి కూడా మేడ్చల్‌లాగే నిజాం ఏలుబడిలోదే, 1800లో ఆయన ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లోది; నివేదిక నాటికి అలా విడిపోయి ఇరవై మూడేళ్లు మాత్రమే. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఆ బడి బట్టీయం బడి, బెత్తం బడి. పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండా వల్లిస్తున్నారని కాంప్‌బెల్లే నొచ్చుకున్నాడు. మొత్తం 6,641 మంది విద్యార్థుల్లో ఆడపిల్లలు అరవై మంది. ఆ వరుసలో చోటు దొరకని కులాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇదంతా నిజం. ఆ బడి తిరిగి రావాలని ఎవరూ కోరకూడదు. అయితే బెత్తం వేరు, వరుస వేరు. లెక్క పదిమందిలో నోటితో చెప్పేదిగా, అందరికీ రావలసినదిగా ఉండటం బెత్తం మీద ఆధారపడిన గుణం కాదు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడంటే, లెక్క చెవికి ఎక్కేదన్న నమ్మకం అప్పటికే ఉన్నట్టే కదా.

మేడ్చల్ ప్రాంతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోది. అధికార భాష ఉర్దూ. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగేనాటికి ఇక్కడ తెలుగులో చదువే ఒక కోరిక. అందుకే ఈ ఊళ్లలో అందరికీ లెక్క రావడమన్నది కొత్త పని. ఇప్పుడు అదే శామీర్‌పేట చుట్టూ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జీనోమ్ వ్యాలీ, 2008లో తెరిచిన బిట్స్ ప్రాంగణం ఉన్నాయి. వాటి గోడల పక్కనే సర్కారు బడులూ ఉన్నాయి. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఒకటి నుంచి ఐదు తరగతులకు తొలిమెట్టు అనే కార్యక్రమం పెట్టింది. చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు ముందు రావాలని అది ఒప్పుకున్నట్టే.

మరి చురుకైన పిల్లలు మరుగున పడరా అని అడుగుతారు. తొమ్మిదేళ్ల పిల్ల మార్కుల్లో తెలివి ఎంతో, ఇంట్లో చెప్పేవాళ్లు ఉండటం ఎంతో విడదీయడం కష్టం. ఏరడానికి ఎనిమిదో తరగతి దాకా ఆగినా నష్టం లేదు. పక్క రాష్ట్రం కర్ణాటకలో అక్షర ఫౌండేషన్ గ్రామ పంచాయతీ స్థాయిలో నాలుగు నుంచి ఆరు తరగతుల వాళ్లకు లెక్కల పోటీలు నడుపుతోంది. ఊరివాళ్లు ముందుకొచ్చి జరిపిస్తారు, అమ్మానాన్నలు వచ్చి చూస్తారు. అక్కడా బహుమతులున్నాయి. కానీ అప్పు తీసుకుని చేసే తీసివేత తన బిడ్డకు రావడం లేదని తల్లికి ఆ రోజు తెలుస్తుంది, అదీ ర్యాంకు కన్నా ముందు. మేడ్చల్‌లో పోటీ పెడితే జట్టు మొత్తానికి మార్కులు వేయాలి, జట్టులో అందరికన్నా వెనకబడిన పిల్ల జవాబుకు ఎక్కువ విలువ ఇవ్వాలి. అప్పుడు చురుకైన పిల్లవాడు గెలవాలంటే పక్కపిల్లకు నేర్పక తప్పదు.